తడిసిన రిజిస్టరు

నీళ్ళు దిగిన మూడో నాటికి
గుడి తాళం తీశాం.
తాళంలో కూడా బురదే.
వ్యాసర్‌పాడిలో పరుపులు గోడలెక్కి ఆరుతున్నాయి,
కాలువ తన వాసనను మాత్రం
మా ఇళ్ళల్లో మర్చిపోయి వెళ్ళింది.

బల్లలు తేలుకుంటూ పోయి
ప్రసంగ వేదిక దగ్గర ఇరుక్కున్నాయి.
ఎప్పుడూ వెనక వరసలో కూర్చునేవాళ్ళ బల్ల
ఈసారి అన్నిటికన్నా ముందుకొచ్చింది.
తీతయ్య నవ్వాడు. నవ్వుతూనే బీరువా తెరిచి
నవ్వాపేశాడు.

సంఘపు రిజిస్టరు.
నలభై రెండేళ్ళ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, మట్టిచేసిన తేదీలు
ఒకే నీలి మరకై అట్టకు అంటుకున్నాయి.
కావలి నుంచి, నాయుడుపేట నుంచి
చీపురు పట్టుకోను పట్నమొచ్చిన మా తాతల పేర్లు
పేజీ విడదీస్తే వేలికి రంగయ్యాయి.

కొత్త నోటుబుక్కు కొన్నాను, ముప్పై రూపాయలు.
ఈ పేటలో తెలుగు రాయడం వచ్చింది నాకొక్కడికే,
అదీ సగం. ణ దగ్గర, ళ దగ్గర ఇప్పటికీ తడబడతాను.
మిగతా పిల్లలు కీర్తనలు
తమిళ అక్షరాల్లో రాసుకుని తెలుగులో పాడతారు;
దేవుడు సర్దుకుంటున్నాడు.

లూదియమ్మ ఆరిన మెట్టు చూసుకుని కూర్చుంది.
అక్షరం ముక్క రాదు ఆమెకి.
"రాయి నాయినా" అంది, కళ్ళు మూసుకుని,
వీధంతా ఊడ్చుకుంటూ వచ్చినట్టు
గుమ్మం గుమ్మం దగ్గరా ఆగి పేర్లు చెప్పింది.
"మూలింట్లో సమాధానం, వాడి పెండ్లాం కరుణమ్మ.
ఆరుగురు పిల్లలు, నలుగుర్నే రాయి.
ఆ ఇద్దరికీ పేరు పెట్టకముందే...
సరే, వాళ్ళనీ రాయి. బిడ్డ ఒకటి, బిడ్డ రెండు."

బురద ఎత్తేవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి చేరారు.
పుట్టిన రోజు ఎవరికీ తెలీదు.
పెద్ద తుపానుకి ముందు,
సమ్మె జరిగిన నెల,
గుడిసెలు కాలిన ఏడు.
తేదీల గడిలో అవే రాసుకుంటూ పోయాను.

గోడ మీది నోటీసు మాత్రం చెక్కుచెదరలేదు:
పద్నాలుగు రోజుల్లో ఖాళీ చేయాలి,
ముప్పై కిలోమీటర్ల అవతల
ఎనిమిదో అంతస్తులో ఇంటికొక గది.
సర్కారు సిరా మంచిది.

ఒంటి గంటకి ఆమె కొడుకు దగ్గరికొచ్చాం.
ఏబేలు. కంట్రాక్టరు మాట నమ్మి
మ్యాన్‌హోల్‌లోకి దిగినవాడు.
తాడు పైకొచ్చింది.
పక్క గడిలో ఏం రాయాలో తెలుసు,
పాత పుస్తకంలో పోయినవాళ్ళందరికీ అదే రాసేవారు:
ప్రభువునందు నిద్రించెను.
పెన్ను ఆడలేదు.
నిద్రట!
ఆ గాలాడని చీకట్లో, నిద్రట!

లూదియమ్మ కళ్ళు తెరవలేదు.
"అట్టనే రాయి" అంది.
"నా కొడుకు తెల్లారి మూడింటికి డ్యూటీకి లేచేవాడు.
అలారం లేదు, నేను లేపిందీ లేదు.
పిలిచేవాడు పిలిస్తే
వాడు ఇంకా పడుకోనుంటాడా?"

రాశాను. అందులో ణ లేదు, ళ లేదు,
అయినా చెయ్యి వణికింది.

సాయంత్రానికి నూట పదకొండు పేర్లు.
నోటుబుక్కు సగం కూడా నిండలేదు.
మూసేయబోతే ఆపింది.
"స్కేలుంది గదా, మిగిలిన కాగితాల్లోనూ
గళ్ళు గీసి పెట్టు.
ఎస్తేరుకి ఏడో నెల.
ఆ ఎనిమిదో అంతస్తులో మాత్రం
మనుషులు పుట్టరా?"

కరెంటు ఇంకా రాలేదు.
తీతయ్య ఫోను వెలుగు పట్టుకుంటే
ఖాళీ కాగితం తర్వాత ఖాళీ కాగితం
గీస్తూ పోయాను.
బయట ఎవరో బకెట్‌తో
బురద ఎత్తి పోస్తున్న చప్పుడు.
ఫోనులో చార్జి నాలుగు శాతం.
"ఇంకో పేజీ" అంది లూదియమ్మ.